రోడ్డవతల ఉపవాసం

పాత జిన్నింగు మిల్లు,
కనిగిరి రోడ్డు.
ఫిబ్రవరి 4

ఏమే క్రిస్టీనా,

ముందు కూర్చో. నిలబడి చదివితే సగంలోనే ఏడుపు మొదలెడతావు. అది చూసి మీ సాల్మన్ ఉత్తరం లాక్కుంటాడు.

నేను బతికే ఉన్నాను. బూబి నా పక్కనే ఉంది. పోయిన సోమవారం మిర్చి యార్డు వెనక షెడ్డులో కూర్చుని కాయలకి తొడిమలు తీస్తున్నాం, నలభై మంది ఆడవాళ్లం. జీపు వచ్చింది. కార్డులు చూపించమన్నారు, చూపించాం. ఇవి కాదు, మీ అమ్మ ఎక్కడ పుట్టిందో ఆ కాయితం చూపించమన్నారు. మా అమ్మ పోయి పదేళ్లయింది. ఆవిడ పుట్టిన ఊరి కాయితం నేనెక్కణ్ణుంచి తేను? నా పక్కన కూర్చున్న అంకమ్మ దగ్గరా అలాంటి కాయితం లేదు. కానీ ఆవిణ్ణి అడగలేదుగా. నన్నూ, ఇటుక బట్టీల్లో పనిచేసే ఇంకొంతమందినీ బండెక్కించారు. బడి నుంచి బూబిని కూడా వాళ్లే తెచ్చారు. తల్లి దగ్గరే ఉండాలి కదా పాప అన్నారు, ఎంత దయో చూడు.

గేటు మీద "తాత్కాలిక విడిది కేంద్రం" అని బోర్డు పెట్టారు. మగపెళ్లివారిని దింపినట్టు. మిల్లు మూతపడి ఐదారేళ్లయినా గోడలకీ దూలాలకీ దూది నూగు అంటుకునే ఉంది. గాలి వీస్తే రాలుతుంది, పిల్లలందరికీ ఒకటే దగ్గు. ఆడవాళ్లందరికీ ఒకటే పంపు, ఒకటే దొడ్డి, దానికి గడియ లేదు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. ఫోన్లు లాక్కున్నారు.

ఇక్కడ మనిషి అన్నవాడు ఒక్కడే ఉన్నాడు, వాచ్‌మన్ బుల్లయ్య. మిల్లు నడిచిన రోజుల నుంచీ ఇక్కడే కాపలా. పొద్దున్నే వాళ్ల గేదె పాలు క్యానులో తెచ్చి పిల్లలకి తలా గ్లాసు పోస్తాడు. "నేనేం పొయ్యలేదు, మీరేం తాగలేదు, సరేనామ్మా?" అంటాడు. ఈ ఉత్తరం కూడా ఆ ఖాళీ క్యానులోనే బయటికి వస్తోంది.

ఒక విచిత్రం చెప్పనా? మిరప సీజనులో నా చేత్తో బూబికి అన్నం పెట్టడం ఇదే మొదటిసారి. తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు కదా, పుట్టినప్పటి నుంచీ జనవరి వస్తే దానికి చెంచాయే. ఇప్పుడు పని లేదు, చేతులు చల్లబడ్డాయి. అది ప్రతి ముద్దకీ నా చెయ్యి వాసన చూసి తింటోంది.

షఫీక్ లారీ కింద పడి పోయాక అత్తగారు మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వలేదని నీకు తెలుసు. కనక రాసుకోవడానికి నువ్వే ఉన్నావు. దగ్గు మందు, బూబివి రెండు గౌన్లు, నా ట్రంకుపెట్టెలో ఉన్న పదో తరగతి సర్టిఫికెట్టు పంపు. మీ చర్చిలో లాయరు ఒకాయన ఉన్నాడుగా, నిదానంగా అడుగు. నేను గుంటూరులోనే పుట్టానని ఇక్కడ చెప్పాను. మా అమ్మ నన్ను చంకనేసుకుని సరిహద్దు దాటి వచ్చిందన్న సంగతి ఏడో తరగతిలో నీ ఒక్కదానికే చెప్పాను. అది నీ దగ్గరే ఉంచు. చదివాక ఈ కాయితం పొయ్యిలో పడెయ్.

గొడవ మాత్రం చెయ్యకు.

నీ నస్రత్


నల్లచెరువు, గుంటూరు.
ఫిబ్రవరి 10

ప్రియమైన నస్రత్‌కి,

ప్రభువు నామంలో వందనాలు. కూర్చునే చదివాను, అయినా ఏడ్చాను. సాల్మన్ లాక్కోలేదు, తనూ చదివి కళ్లు తుడుచుకున్నాడు.

నువ్వడిగినవన్నీ బుల్లయ్య గారి ఇంట్లో ఇచ్చాను. లాయరు గారిని కలిశాను. విచారణ మొదలవడానికే ఆరేడు నెలలు పడుతుందట, ఈలోగా ఓపిక పట్టాలట. ఏసీ గదిలో కూర్చుని ఆయన ఓపిక గురించి చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. పిల్లలు దూది మింగుతున్నారండీ అంటే, "చూద్దాం" అన్నాడు.

నేను చూస్తూ కూర్చోలేను నస్రత్. గొడవ చెయ్యకన్నావు, నాకు గొడవ చెయ్యడం ఎలాగూ రాదు. ఉపవాసం ఉండటం వచ్చు. నాన్నగారు పాస్టరుగా ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన నీకు తెలిసిందే, నువ్వే కదా కిటికీలోంచి జామకాయలు చూపించి నన్ను ఏడిపించేదానివి. ఈ నెల పద్దెనిమిది నుంచి ఈస్టరుకి ముందొచ్చే మా శ్రమ దినాలు మొదలవుతాయి. ఆ రోజే మీ మిల్లు గేటుకి ఎదురుగా, రోడ్డవతల పొలంలో టెంటు వేసి కూర్చుంటాను. పొలం రైతు ఒప్పుకున్నాడు, పత్తి తీసేశాడట. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు వంతులవారీగా నా పక్కన కూర్చుంటారు.

నాలుగు కోరికలు రాశాం. వారానికోసారి డాక్టరు రావాలి. దొడ్లకి గడియలు, హాల్లో ఫ్యాన్లు పెట్టాలి. భోజనం వేళకి పెట్టాలి. పిల్లల్ని ఆ దూది కొట్టంలో ఉంచకూడదు. అవి ఇచ్చేదాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టను. నాకు భయం లేదు. నువ్వు కూడా భయపడకు.

నీ క్రిస్టీనా


మిల్లు నుంచి,
ఫిబ్రవరి 22

ఒసేయ్ మొండిదానా,

గొడవ రాదంటూనే టెంటు వేశావు. పంపు దగ్గరికి వెళ్లినప్పుడు గేటు రేకులో చిల్లుంది, అందులోంచి చూస్తున్నాను. ఆ ఎర్ర కుర్చీలు పెళ్లి పందిట్లోవా? మధ్యలో నువ్వు తెల్ల చీరలో కూర్చుంటే పెళ్లికూతురి పెద్దమ్మలా ఉన్నావు. ఇంతా చేసి మన మధ్య ఉన్నది ఒక్క తారు రోడ్డు. నేను కేకేస్తే నీకు వినపడుతుంది. అయినా క్యానులో ఉత్తరాలు రాసుకుంటున్నాం.

తిట్టడానికి కాయితం తీశాను గానీ తిట్టలేను. నువ్వు కూర్చున్న మూడో రోజుకే నర్సు వచ్చి పిల్లల ఛాతీలు చూసింది. దొడ్డికి గడియ పెట్టారు. ఆ గడియ వేసుకుని లోపల ఊరికే కాసేపు నిలబడ్డాను, ఎవరూ తలుపు పట్టుకోకుండా. నీ మీద గర్వంగా ఉందే, నిజం చెబుతున్నా.

మాకూ రంజాన్ రోజాలు మొదలయ్యాయి. నువ్వు బయట, మేం లోపల. సాయంత్రం అన్నం ఐదింటికే వస్తుంది, మేం పొద్దుగూకాక గానీ తినం కదా. బుల్లయ్య మా పళ్లాలు పాత గింజల తొట్టిలో దాచి, చీకటి పడగానే తెచ్చిస్తాడు. తెల్లారుజామున వాళ్లావిడ చేసిన రొట్టెలు తెస్తాడు. "మా ఇంటిది గూడా మీతోపాటే నాలుగింటికి లేస్తందమ్మా, దానికి గూడా పుణ్యం రాదా?" అంటాడు.

బూబి నిన్ను చూస్తానంటే చిల్లు దగ్గర ఎత్తుకున్నాను. ఆంటీ ఎందుకు తినట్లేదంది. మన కోసం అన్నాను. మనకి ఏం కావాలో అవి ఇచ్చేదాకా తినదు అన్నాను. "తినకపోతే ఇచ్చేస్తారా?" అంది. ఇస్తారమ్మా అన్నాను. మళ్లీ చిల్లుకి కన్ను ఆనించి నిన్నే చూసింది.

ఒక్క మాట. మైకు మాకు బాగా వినపడుతోంది. అందులో నా పేరు ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

నస్రత్


మిల్లు గేటు ఎదుట, టెంటు.
ఫిబ్రవరి 28

ప్రియమైన నస్రత్‌కి,

వందనాలు. పడుకునే రాస్తున్నాను, రాత అర్థం కాకపోతే క్షమించు. నీరసమే గాని మనసు తేలిగ్గా ఉంది. సాల్మన్ నీళ్లలో ఉప్పూ గ్లూకోజూ కలుపుతున్నాడు, డాక్టరు మాట కాదనలేకపోయాను.

నిన్నటి శుక్రవారం ఉపవాస కూటం నువ్వు చూసి ఉండాల్సింది. ఒంగోలు నుంచీ చీరాల నుంచీ కూడా వచ్చారు. టెంటు చాలక మనుషులు పొలంలో పత్తికట్టె మోళ్ల మధ్యే కూర్చున్నారు. ఒక యూట్యూబు ఛానలు వాళ్లు మొత్తం తీశారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే నీకు తెలుసుగా, మా వాళ్లలో పేర్లూ ఊళ్లూ దాచి చెబితే అది సాక్ష్యమే కాదు, ఉపన్యాసం. అందుకని నీ మొన్నటి ఉత్తరం తీసి చదివాను. అంతా కాదు, బుల్లయ్య గారి భాగం. మొదటి ఉత్తరంలోంచి గుర్తున్న గేదె పాలు, తొట్టిలో దాచిన పళ్లాలు, నాలుగింటికి లేచే ఆ తల్లి. ఎంత మంది ఏడ్చారో! ఆయన్ని పిలిచి శాలువా కప్పుదామన్నారు కూడా, డ్యూటీలో ఉన్నారని ఊరుకున్నాం.

మీ ఇన్‌ఛార్జి శ్యామ్ సుందర్ గారు వెనక వరసలో కూర్చుని ఆసాంతం విన్నారు. ఆయనా ప్రార్థనాపరుడేనట. అయిపోయాక వచ్చి, "అమ్మా, ఇంత మంచివాడు నా దగ్గరే ఉన్నాడని నాకే తెలియదు" అన్నారు. అధికారుల్లో అలాంటివారు ఉండటం మన అదృష్టం.

నీ క్రిస్టీనా


తాత్కాలిక విడిది కేంద్రం (కార్యాలయము ద్వారా)
మార్చి 5

గౌరవనీయులైన క్రిస్టీనా గారికి,

నమస్కారములు. మేము క్షేమముగా ఉన్నాము. భోజనము సమయమునకు అందుచున్నది. సాయంత్రము అయిదు గంటలకు వడ్డించి ఆరు గంటలకు పళ్లెములు తీసివేయుదురు. మేము రోజాలో ఉన్న సంగతి ఇన్‌ఛార్జి గారికి తెలియును. నియమము అందరికీ ఒకటే అని వారు చెప్పిరి.

బుల్లయ్య గారు ఇప్పుడు ఇక్కడ లేరు. పిల్లలకు పాలు ఆగినవి, ఆ పాలు రికార్డులో లేవు కనుక.

ఇన్‌ఛార్జి గారు మమ్ములను వరుసలో నిలబెట్టి, "మీ కోసం ఆ మేడం గారు పస్తులుంటుంటే మీరు పూటపూటా తినడం న్యాయమేనా?" అని అడిగిరి. తరువాత పిల్లల వైపు తిరిగి అడిగిరి. బూబి "న్యాయం కాదు" అన్నది. ఆ రోజు నుంచి పిల్లలకు కూడా ఉదయము ఉప్మా లేదు.

నా ఉత్తరములు మైకులో చదవవద్దని కోరుచున్నాను. చదివినా నష్టము లేదు, ఇవి మీకు చేరకముందే చదవవలసినవారు చదివి ఉందురు.

ఇట్లు,
నస్రత్


టెంటు.
మార్చి 11

ప్రియమైన నస్రత్‌కి,

"గారు" ఏమిటే, నాకు నవ్వొచ్చింది! ఆఫీసు ద్వారా వస్తోందని పద్ధతిగా రాశావనుకుంటా. భోజనం సమయానికి అందుతోందన్న ముక్క చదవగానే మోకరించాను. మన మూడో కోరిక తీరినట్టే. ఆ ఒక్క వాక్యమే మైకులో చదివాను, నీ పేరు లేకుండా. ఉప్మా సంగతి శ్యామ్ సుందర్ గారిని అడిగాను. సరుకు రావడం ఆలస్యమైందట, పిల్లలతో సరదాగా అన్న మాటని నువ్వు మనసులో పెట్టుకున్నావన్నారు. బుల్లయ్య గారికి వేరేచోటికి బదిలీ అట. నువ్వు లోపల ఉన్నావు, నీకు అన్నీ చీకటిగానే కనపడతాయి. అది నీ తప్పు కాదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. నువ్వు కోపపడతావని తెలుసు.

పోయిన శుక్రవారం ఒక విలేకరి అందరి ముందూ లేచి అడిగాడు. "ఆవిడ ఇక్కడే పుట్టిందని ప్రమాణం చేసి చెప్పగలరా మేడం?" అని. అప్పటికి నేను పదహారు రోజుల నుంచి ఉపవాసంలో ఉన్నాను. నోట్లో అబద్ధం పెట్టుకుని ఉంటే అది పస్తు అవుతుంది గాని ఉపవాసం కాదు నస్రత్. నిజమే చెప్పాను. రెండేళ్ల పసిపిల్లగా తల్లి చంకలో సరిహద్దు దాటి వచ్చింది, ఆ పిల్ల చేసిన పాపమేమిటో మీరే చెప్పండి అన్నాను. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. ఆ విలేకరే తల దించుకున్నాడు. ఆ వీడియో లక్ష మంది చూశారట. లక్ష మంది నీ కోసం ఏడ్చారు! శ్యామ్ సుందర్ గారు కూడా తన ఫోనుకి పంపించుకున్నారు, ఇంట్లో వాళ్లకి చూపిస్తానని.

నిజం ఎప్పుడూ కీడు చెయ్యదు. పైవాళ్లు కదిలారు, పిల్లల విషయంలో మాట్లాడటానికి రేపో మాపో వస్తారట. కొంచెం ఓర్చుకో.

నీ క్రిస్టీనా


తాత్కాలిక విడిది కేంద్రం (కార్యాలయము ద్వారా)
మార్చి 13

క్రిస్టీనా గారికి,

నమస్కారములు. పిల్లలను ఇక్కడ ఉంచరాదన్న మీ కోరికను దయచేసి వెనుకకు తీసుకొనండి. ఇది నేనొక్కతెను అడుగుట లేదు, ఇక్కడి తల్లులందరూ అడుగుచున్నారు. దగ్గు ఉన్నా ఫరవాలేదు. పాలు లేకున్నా ఫరవాలేదు. బూబి నా వద్దనే నిద్రించును, వేరొక చోట నిద్రించదు.

ఈ ఒక్క పని చేయండి. మిగిలినది నేను ఏమీ అనను.

నస్రత్


నల్లచెరువు, గుంటూరు.
మార్చి 19

ప్రియమైన నస్రత్‌కి,

గెలిచాం!

పదిహేడో తారీఖు మధ్యాహ్నం పెద్ద అధికారి కారులో వచ్చారు. నాలుగు కోరికలూ ఒప్పుకుంటూ కాయితం రాసిచ్చారు. డాక్టరు వారానికోసారి వస్తాడు, హాల్లో పన్నెండు ఫ్యాన్లు పెడతారు. పిల్లలందర్నీ ఆ దూది కొట్టంలోంచి తీసి తాడేపల్లిలో ఒక బాలల హోముకి మారుస్తారు. మంచాలూ దోమతెరలూ ఉన్నాయట, పక్కనే బడి. ఉద్యమం తరఫున నన్ను సంతకం పెట్టమన్నారు, పెట్టాను. శ్యామ్ సుందర్ గారు తన చేత్తోనే నిమ్మరసం పిండి తెచ్చారు. మొదటి గుక్క గొంతు దిగుతుంటే మండింది. చప్పట్లు నీకు వినపడ్డాయా?

పిల్లల్ని ఎక్కించిన వ్యాను బయటికి వచ్చినప్పుడు నేను గేటు పక్కనే కుర్చీలో ఉన్నాను. బూబి కిటికీలోంచి నన్ను గుర్తుపట్టింది. నా చేతిలో గ్లాసు వంక చూసింది. చెయ్యి ఊపాను. అది ఊపలేదు, భయపడినట్టుంది, చిన్నపిల్ల కదా.

నీ పదమూడో తారీఖు ఉత్తరం నాకు రసం తాగాక ఇచ్చారు. పనుల ఒత్తిడిలో టేబులు మీద ఉండిపోయిందని శ్యామ్ సుందర్ గారు ఎంతో బాధపడ్డారు. చదివి నా గుండె నీరైపోయింది. కానీ ఆలోచించు నస్రత్, అది నీలోని తల్లి రాసింది. బిడ్డ దూది పీలుస్తూ నీ పక్కన ఉండటం మంచిదా, శుభ్రమైన గాలిలో ఉండటం మంచిదా? విచారణ కాగానే నువ్వూ బయటికి వస్తావు, నేనే నిన్ను తాడేపల్లి తీసుకెళతాను. ఆదివారం ఆదివారం వెళ్లి దాన్ని చూసొస్తాను.

నీ పండక్కి సేమ్యా పంపుతున్నాను. లోపలికి రానిస్తామన్నారు.

నీ క్రిస్టీనా


మిల్లు నుంచి,
మార్చి 29

క్రిస్టీనా,

ఇది కూడా ఆఫీసు ద్వారానే వస్తోంది. చదువుకోనీ. నా దగ్గర ఇంక లాక్కోవడానికేమీ లేదు, కాబట్టి మళ్లీ మామూలుగా రాస్తున్నాను.

చప్పట్లు వినపడ్డాయి. అప్పుడే పిల్లల్ని వరసలో నిలబెడుతున్నారు. స్వీట్లు పెడతాం రండి అన్నారు. బూబి నా చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. ఒకామె అరిస్తే శ్యామ్ సుందర్ అన్నాడు, "ఎందుకమ్మా ఏడుస్తారు? మీ మేడం గారు ఇరవై ఎనిమిది రోజులు తిండి మానేసి సాధించింది ఇదే కదా." ఆ మాటకి జవాబు నీ దగ్గరుందా?

ఫ్యాన్లు వచ్చాయి. పన్నెండూ బాగా తిరుగుతున్నాయి. నూగంతా లేచి మా మీద పడుతోంది.

నా విచారణకి ఆరేడు నెలలు పడుతుందన్నాడు మీ లాయరు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అధికారి ఫోనులో నీ వీడియో పెట్టాడు. నువ్వు బాగా మాట్లాడావు, నీ గొంతు బడిలో పద్యం అప్పజెప్పినప్పట్లాగే ఉంది. రెండేళ్ల పసిపిల్ల, తల్లి చంక, అన్నీ చెప్పావు. ఆయన ఆపి అడిగాడు. "ఈవిడ నీ స్నేహితురాలేనా? అబద్ధం చెబుతోందా?" నేను చెబుతోందన్నాను. మొదటి నుంచీ దానికి గొప్పలు చెప్పుకునే అలవాటుంది, అబద్ధాలకోరు అన్నాను. ఆయన నవ్వాడు. "పాస్టరు మార్కు గారి కూతురు, ఉపవాసంలో ఉండి, వందల మంది ముందు అబద్ధమాడుతుందా?" అన్నాడు. నీ మీద వాళ్లకి అంత నమ్మకం.

ఎల్లుండి మమ్మల్ని రైల్లో సరిహద్దుకి తీసుకెళ్లి అవతలికి దాటిస్తారు. అవతల నాకు ఒక్క మనిషి తెలియదు, వాళ్ల మాట పది ముక్కలు రాదు. బూబి సంగతి అడిగాను. పిల్ల విషయం వేరే ఫైలు, తర్వాత తేలుస్తామన్నారు.

నీ సేమ్యా అందింది. పళ్లాలు తీసేసే వేళకి అందింది.

నిన్ను తిట్టాలని రాత్రి నుంచీ మాటలు పోగేసుకున్నాను. కాయితం తీస్తే బూబి తప్ప ఏమీ గుర్తుకు రావడం లేదు. కాబట్టి విను. నా కోసం ఇంకేమీ మానెయ్యకు. కడుపునిండా తిను. ఒక్క పని మాత్రం చెయ్యి. బూబి దగ్గరికి వెళ్లి, అమ్మ యార్డులో పనికి వెళ్లింది, చేతులు మండుతున్నాయి కనక కొన్నాళ్లు రాదు అని చెప్పు. అది నమ్ముతుంది. అది పుట్టినప్పటి నుంచీ విన్న మాటే. ఈలోగా చెంచాతో తినమన్నానని చెప్పు.

నా బతుకులో నిన్ను ఒక్క అబద్ధం అడుగుతున్నాను. సాక్ష్యం చెప్పకు.

నస్రత్


తాడేపల్లి.
ఏప్రిల్ 12

నస్రత్,

ఇది నీకు ఎలా చేరుతుందో తెలియదు. మిమ్మల్ని ఎక్కడ దాటించారో ఎవరూ చెప్పడం లేదు. శ్యామ్ సుందర్ గారినే అడిగాను. చిరునామా ఉండదమ్మా, ఉత్తరం ఇవ్వండి ఫైల్లో పెడతాను అన్నారు. నీ కోసం ప్రార్థిస్తానన్నారు. ఆయనకే ఇస్తున్నాను, ఇంకెవరికివ్వాలి?

నువ్వు చెప్పమన్నది చెబుదామనే వెళ్లాను. ఈస్టరు ముందు శనివారం. దారంతా ఆ మాటలే అనుకుంటూ వెళ్లాను. బూబి వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "అమ్మని పంపించేశారంట, నిజమా?" అంది. పెద్ద పిల్లలెవరో చెప్పారు. నా మొహంలోకి చూస్తూ అడిగింది నస్రత్. యార్డు అనబోయాను. నా వల్ల కాలేదు. నిజమేనమ్మా అన్నాను.

అది ఏడవలేదు. ఆ మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుని చేతులు కట్టుకుంది. రాత్రీ అంతే. నీళ్లు మాత్రం తాగుతోంది, కొంచెం ఉప్పు వెయ్యమని అడుగుతోంది. వార్డెను నాకు కబురు చేసింది. నేనొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎందుకమ్మా తినవు అంటే, "అమ్మని ఇచ్చిందాకా తినను. నువ్వు గూడా అట్టాగే జేశావుగా" అంది. అలా చెయ్యకూడదమ్మా, చిన్నపిల్లలు చెయ్యకూడదు అన్నాను. "నీకు ఇచ్చారుగా మరి" అంది.

నా చేత్తో కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. చెయ్యి వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

నిన్న నిమ్మరసం చేయించాను, పంచదార వేసి. గ్లాసు చూడగానే దాని మొహం విప్పారింది. దిగ్గున లేచి గేటు వైపు పరిగెత్తింది. కాళ్లలో బలం లేక మధ్యలో పడి, మళ్లీ లేచింది. రసం వచ్చిందంటే నువ్వొచ్చావనుకుంది. గేటు దగ్గర ఎవరూ లేరు. వెనక్కి వచ్చి గ్లాసు వైపు చూడకుండా గోడకి తిరిగి పడుకుంది.

ఈ పూట డాక్టరు ఆగడానికి లేదన్నాడు. ఇద్దరు ఆయాలు చేతులు పట్టుకున్నారు, వార్డెను ముక్కు మూసి గంజి పోసింది. కాళ్లు నేను పట్టుకున్నాను. సగం బయటికే వచ్చింది. వదిలాక మూల కూర్చుని నన్నే చూస్తోంది. రాత్రికి మళ్లీ పొయ్యాలట.

తినమని ఒక్క ముక్క రాసి పంపవే. నీ రాత అది గుర్తుపడుతుంది. నేను చెబితే నమ్మడం లేదు.

క్రిస్టీనా